పొద్దు గూకే ఊళ్లు, పొద్దు మీకే ఊళ్లు

మాటలు పోగుచేసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఈమధ్య నా దగ్గరికి వచ్చి, "మీ కాలంలో ఏ పద్ధతిలో చేశారు సార్?" అని అడుగుతున్నారు. పద్ధతి అనే మాట వింటేనే నాకు నవ్వొస్తుంది. మా పద్ధతి అబద్ధం. అంతకన్నా మంచి పరికరం ఆ రోజుల్లో ఏ యూనివర్సిటీ దగ్గరా లేదు. ఈ రోజుల్లో ఉందని ఎవరైనా అంటే, వాళ్లు నాకన్నా పెద్ద అబద్ధాలకోరులని అనుకుంటాను.

పని మానేసి కొంతకాలమైంది. వయసు మరీ ముదరలేదు గానీ మోకాళ్లు నాకంటే ముందే పదవీ విరమణ చేశాయి. అందుకని కూర్చొని రాస్తున్నాను. ఎప్పుడు చేరాను, జీతం ఎప్పుడు పెరిగింది లాంటివి ఇందులో ఉండవు. అవి చదివి ఎవరూ బాగుపడలేదు.

పందొమ్మిదివందల నలభైలలో, నిజాం పాలన ఇంకా నడుస్తుండగా, పట్నంలోని ఒక యూనివర్సిటీ సిద్దిపేటలో ప్రాంతీయ పరిశోధన కేంద్రం తెరిచింది. కేంద్రం అనగానే మేడలూ లైబ్రరీలూ ఊహించుకోకండి. అదొక రెండు గదుల కిరాయి ఇల్లు. ముందు గదిలో నరహరి సార్, ఒక బల్ల, గోడంత పటం. వెనక గదిలో ఇంటి యజమాని పల్లీల బస్తాలు. రెండు గదుల్లోకీ స్వేచ్ఛగా తిరిగే హక్కు ఎలుకలకే ఉండేది. పటంలో రాయపోల్ ఉన్న మూలను ఒకసారి అవి కొరుక్కు తిన్నాయి. ఊళ్లన్నీ వదిలి రాయపోల్‌నే ఎందుకు తిన్నాయంటే, అక్కడ పల్లీ బాగా పండుతుందని వాటికి తెలుసు. ఆ ఎలుకలు మాకన్నా ముందే ప్రాంతీయ అధ్యయనం పూర్తి చేశాయి.

నరహరి సార్ మా కేంద్రానికి అధిపతి. నేను ఆయనకు సహాయకుణ్ని. కేంద్రంలో మూడో మనిషి లేడు. ఆయన పట్నంలో ఒక పెద్ద బడిలో ఖాయమైన నౌకరీ వదులుకొని వచ్చాడు. సన్నగా, మెత్తగా, ఉతికి ఆరేసిన ధోవతిలా ఉండేవాడు. పల్లె జనం మాట్లాడే తెలుగుకు ఒక రూపం ఉందనీ, దాన్ని పటం మీద గీసి చూపించవచ్చనీ ఆయన నమ్మకం. బడిలో ఆయన కుర్చీని అప్పటికే వేరొకరికి ఇచ్చేశారు. వెనక్కి పోదామన్నా దారి లేదు.

మల్లవ్వ ఏమీ అనదు

మొదట వెళ్లిన ఊరు దుబ్బాకకు ఇవతల, ఒక వాగు ఒడ్డున ఉంది. సాలోళ్ల వాడలో మల్లవ్వ అనే పెద్దావిడ అరుగు మీద రాట్నం పెట్టుకొని కండెలు చుడుతోంది. సార్ చెప్పులు విప్పి, గొంతు సవరించుకొని, పట్నంలో తయారుచేసుకొచ్చిన ప్రశ్న అడిగాడు.

"అమ్మా, సూర్యాస్తమయ సమయమును మీరేమందురు?"

మల్లవ్వ రాట్నం ఆపకుండానే జవాబు చెప్పింది. "మేమేమంటం సారూ? ఏమనం. దానంతట అదే వస్తది, దానంతట అదే పోతది. మేమేమన్న అంటే ఆగుతదా?"

సార్ శ్రద్ధగా రాసుకున్నాడు: ఏమీ అనరు.

పక్కింటికి పోతే అక్కడా అదే జవాబు. ఆ పక్కింటాయన అయితే భయపడి, "నేను దాన్ని ఒక్కమాట గూడ అనలేదు సారూ, ఎవరో గిట్టనోళ్లు జెప్పిన్రు" అన్నాడు. మధ్యాహ్నానికల్లా, ఊరూరంతా సూర్యుణ్ని ఏమీ అనలేదని మేం నిర్ధారించుకున్నాం.

నాకు ఆకలి దంచేస్తోంది. ఆ ఆకలిలో మల్లవ్వ దగ్గరికి మళ్లీ వెళ్లి, అరుగు మీద కూలబడి, నోటికొచ్చింది మాట్లాడాను. "అవ్వా, మీ ఊరి పొద్దు బుద్ధిమంతురాలు. మా ఊళ్లె మాపటికి దొర గోడెక్కి కూసుంటది. ఎంతకూ దిగదు. ఊరి కావలి సుంకరోడు వచ్చి కట్టెతోని నాలుగు తగిలిస్తె అప్పుడు దబ్బున పడ్తది. అందుకే మా దిక్కు పొద్దు కూలింది అంటం."

రాట్నం టక్కున ఆగింది.

"ఏందీ? కూలుడా? పొద్దేమన్న మట్టి గోడనా కొడుకా కూలనీకి? నిన్ను కన్నోళ్లు మాటలు నేర్పలేదా? పొద్దు గూకుతది. గూకింది అనాలె. గా వాగవతలోళ్లు ఉన్నరు సూడు, గాళ్లకూ తెల్వదు. పొద్దు మీకింది అంటరు. మీకుడేంది నా బొంద!"

సార్ పెన్సిల్ పరుగెత్తింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయని చెప్పను గానీ, చేతి రుమాలు మాత్రం బయటికి తీశాడు.

మీకు చెప్పదలచిన మొదటి సంగతి ఇదే. అడిగితే మనిషి దాక్కుంటాడు. తప్పు చెబితే దిద్దడానికి పరుగెత్తుకొస్తాడు. ఆ మర్నాడు వాగు దాటి అవతలి ఊరికి పోయి, "మీరు పొద్దు గూకింది అంటరట గదా" అన్నాను. కొట్టినంత పని చేశారు. సార్ పటం మీద గూకే ఊళ్లకు ఎర్ర రంగు, మీకే ఊళ్లకు నీలం రంగు వేయడం మొదలుపెట్టాడు. ఎక్కడికి పోయినా ఒకటే తీరు. తమ మాట సరైనది, పక్క ఊరి మాట వంకర. ప్రాంతం అంటే ఏమిటని పెద్ద పెద్ద పుస్తకాలు రాశారు. నా లెక్క చిన్నది. అవతలివాడు నోరు తెరవగానే నీకు నవ్వు ఎక్కడ వస్తుందో, నీ ప్రాంతం అక్కడ అయిపోయింది.

రాజాగౌడ్ మేనమామ

ఈ విద్య నాకొక్కడికే తెలుసనుకోవడం నా అమాయకత్వం. ములుగు దిక్కున రాజాగౌడ్ అని తాళ్లెక్కి కల్లు గీసే ఆయన ఉండేవాడు. కల్లు కుండను లొట్టి అంటారని మాకు తెలుసు. ఇంకేమైనా పేర్లున్నాయా అని నేను నా పద్ధతిలో కదిపాను. ఆయన మోకు భుజాన వేసుకొని, ఎంతో గంభీరంగా చెప్పాడు. "చెట్టు కొసకు ఉండే లొట్టిని మేము మేనమామ అంటం సారూ. ఎందుకంటే పెండ్లికి గూడ కిందికి దిగడు, మనమే ఎక్కి బతిమాలాలె."

సార్ మురిసిపోయి మా మొదటి చిట్టా అచ్చుకు పోతున్నప్పుడు ఆ మాటను అందులో చేర్చాడు. తర్వాత తెలిసింది, రాజాగౌడ్‌కు మేనమామతో తగాదా ఉంది. ఆ మాట ఆయన తప్ప లోకంలో ఎవరూ అనరు.

"కొట్టేద్దాం సార్" అన్నాను. సార్ కొట్టేశాడు. మరుసటి ఏడు అదే దిక్కున ఒక కల్లు మండువ దగ్గర నిలబడితే, ముక్కూమొహం తెలియని మనిషి చెట్టు మీదికి కేకేస్తున్నాడు: "మేనమామను దించు, మేనమామను!"

సార్ నడిరోడ్డు మీదే చిట్టా తీసి, కొట్టేసిన మాటను మళ్లీ రాసుకున్నాడు. "అదేంటి సార్, అబద్ధం కదా?" అన్నాను.

"నిరుడు అబద్ధం. ఇప్పుడు అంటున్నారు కదయ్యా. అన్నది రాయడమే మన పని. నచ్చింది రాయడం వేరేవాళ్ల పని."

మెత్తటి మనిషి ఈ ఒక్క విషయంలో రాయిలా ఉండేవాడు. ఆ రాయితో మేమే తల పగలగొట్టుకునే రోజు ఒకటి వచ్చింది.

శేర్వాణీ సార్

మా కేంద్రం వల్ల ఏమైనా ఉపయోగం ఉందా అని తేల్చడానికి పట్నంలోని యూనివర్సిటీ నుంచి ఒక పెద్దాయన మోటారులో దిగాడు. నల్ల శేర్వాణీ, జేబులో గడియారం, అడుగడుగునా పాలిష్ చేసిన ఉర్దూ. ఏడు తరాలుగా పట్నం దాటి ఎరగని వంశమేమో అనుకున్నాం. ఆయన పటం ముందు నిలబడి చూసిన చూపుకు పటంలోని చెరువులు ఎండిపోయాయి.

"ప్రాంతం, ప్రాంతం అంటున్నారు. దాని అంచు ఎక్కడుంది?" అన్నాడు. ఆయన అన్నది ఉర్దూలో, నేను రాస్తున్నది తెలుగులో.

సార్ వాగును వేలితో చూపించాడు. ఇటు గూకింది, అటు మీకింది.

"ఇదా మీ పరిశోధన? చదువు రానివాళ్లు ఒకే మాటను రెండు తీర్ల పాడుచేస్తే దానికి రంగులు పూస్తారా? నాకు ఆ ఊళ్లో, జనం నోటి నుంచి వినిపించండి. వినిపించలేకపోతే ఈ సాయంత్రమే దీనికి తాళం." అంటూనే బల్ల మీదున్న తాళం చెవి తీసి శేర్వాణీ జేబులో వేసుకున్నాడు.

సార్ మొహం చూడలేకపోయాను. నాకేం, నేను ఏ సంతలోనైనా నాలుగు కబుర్లు చెప్పి బతకగలను. ఆయనకు ఈ పటం తప్ప ఏమీ మిగల్లేదు.

ఎండ చల్లబడే వేళకు మల్లవ్వ వాడకు చేరాం. మోటారు చూసి వాడంతా లేచి నిలబడింది. శేర్వాణీ చూసి తలలు దించుకుంది. సార్ ఇప్పటికి ప్రశ్న అడగడం నేర్చుకున్నాడు. మెల్లగా, "పొద్దు పోతే ఏమంటరు?" అని అడిగాడు.

"తమరెట్లంటే గట్లనే, బాంచెన్" అన్నారు మగవాళ్లు చేతులు కట్టుకొని.

మల్లవ్వ వైపు తిరిగాడు. మామూలు రోజుల్లో ఆవిడ నోటికి ఆనకట్ట వేయాలంటే ఇంజనీర్లు కావాలి. ఆ రోజు కొంగు నెత్తి మీదికి లాక్కొని, "నాకేమెరుక" అని ఊరుకుంది.

ఇక నా వంతు. "అవ్వా, పొద్దు కూలుతది, అంతేనా?" అన్నాను, తిట్టు కోసం ఎదురుచూస్తూ.

"కూల్తది బాంచెన్. మీరన్నంక కూలకేంజేస్తది?"

శేర్వాణీ సార్ గడియారం తీసి చూసుకున్నాడు. నరహరి సార్ నేల చూపులు చూస్తున్నాడు. ఎవరో ఒకరికి కోపం రావాలి, ఎవరికైనా పరవాలేదు. గొంతు పెంచి అక్కడున్న అందరికీ వినపడేలా అన్నాను. "ఔ, అందరూ కూలింది అనే అంటరు. వాగవతల గూడ గదే మాట. అసలు వాగవతలోళ్లకు సొంతంగ మాటలే లేవు. అన్నీ ఈ ఊరోళ్ల దగ్గర అడుక్కపోయినయే!"

"ఎవడ్రా చెప్పిండు?"

ఉరుము ఎటు నుంచి వచ్చిందో అర్థం కాలేదు. ఊరి వాళ్ల నోళ్లు మూసే ఉన్నాయి. తలతిప్పి చూస్తే శేర్వాణీ వణుకుతోంది.

"వాగవతల అడుక్కునుడేంది? మా తాతల కాన్నుంచి పొద్దు మీకుతనే ఉన్నది! కూలుడంట, కూలుడు! నీ మొకం!"

పెద్దాయన తన నోటినుంచి వచ్చిన మాట తనే విని బిత్తరపోయి నిలబడ్డాడు. ముందుగా కదిలింది మల్లవ్వ కొంగు. నెత్తి మీది నుంచి మెల్లగా జారింది.

"నువ్వు వాగవతలోనివా బిడ్డా? ఎవరి కొడుకువు?"

ఆయన ఉర్దూలో ఏదో అనబోయాడు.

"ఇగ గా భాషల జెప్పకు. ఇంటిపేరు జెప్పు."

చిన్నపిల్లాడిలా చెప్పాడు. మల్లవ్వ చేతులు చరిచింది. "అట్ల జెప్పరాదుర నాయినా! తాలూక్‌దారుకు తాతలెక్క ఎవడో దిగిండని మేము వణుకుతున్నం. వాగవతలి పోరడు! మీకుతదంట, మీకుతది! కాదు బిడ్డా, ఈడ గూకుతది."

"గూకుడు తప్పు అవ్వా."

"తప్పా? మీ ఊరోళ్లు పిల్లనిచ్చేటప్పుడు మా దిక్కే వస్తరు గద, అప్పుడు తప్పు కాదా?"

అంతే. ఇందాక బాంచెన్ అన్న మగవాళ్లంతా అరుగు చుట్టూ మూగారు. ఒకాయన వాగవతలి వంకాయ కూర మీద ఏదో అన్నాడు. శేర్వాణీ సార్ మెడ కింది గుండీలు విప్పి, అరుగు మీద కూర్చొని, ఇవతలి ఊరి పచ్చిపులుసు గురించి రాయడానికి వీల్లేని మాటొకటి అన్నాడు. నరహరి సార్ పెన్సిల్ అరిగి మొద్దయింది, ఇంకో పెన్సిల్ తీశాడు. ఆ గోలలో పొద్దు ఎప్పుడు పోయిందో, గూకిందో మీకిందో, ఒక్కరూ చూడలేదు.

నీలం రంగు

సిద్దిపేటకు తిరిగొచ్చి, గుండీలు మళ్లీ పెట్టుకొని, ఆయన పటం ముందు నిలబడ్డాడు. ఇప్పుడు మాట్లాడింది తెలుగే.

"మంచిగనే ఉన్నది. కాని నీలం గింతే ఎందుకున్నది? సిద్దిపేట దాక పూయున్రి. అసలు మాట మాదే గద."

నేను నీలం పెన్సిల్ అందుకొనే ఉన్నాను. "పూసేద్దాం సార్, మెదక్ దాకా పూద్దామా?" అన్నాను. నరహరి సార్ నా చేతిలోంచి పెన్సిల్ తీసి బల్ల మీద పెట్టాడు.

"వీలుకాదండీ. మీ మాట వాగు దాకే వినపడింది. అక్కడిదాకే రంగు."

"తాళం చెవి నా జేబుల ఉన్నది, ఎరికేనా?"

"తెలుసండీ. వాగు మీ జేబులో లేదు కదా."

నేను కళ్లు మూసుకున్నాను. ఎలుకలు కూడా నమలడం ఆపాయి. ఎంతకూ ఏ చప్పుడూ రాకపోతే కళ్లు తెరిచాను. పెద్దాయన వెనక గదిలోకి పోయి పల్లీ బస్తా మీద కూర్చొని ఉన్నాడు.

"పొద్దు పోతే మా అవ్వ, నన్ను గన్నతల్లి, ఏమంటదో చెప్పగలవా నువ్వు?" అన్నాడు సార్‌ను చూసి.

"మీకింది అంటారేమోనండీ."

"నాకు యాదికి లేదు." బస్తాలోంచి ఒక పల్లీకాయ తీసి ఒలిచాడు. "పట్నంల నా తానే ఉంటది. ఇంటికి పెద్ద పెద్దోళ్లు వస్తరు. నీ మాట వింటే నవ్వుతరు, లోపలనే ఉండు, మాట్లాడకు అని నేనే అన్న. ఆమె అదే అలవాటు చేసుకున్నది. ఇప్పుడు నాతోటి గూడ మాట్లాడది. తింటవా అంటది, తిన్నవా అంటది. అంతే."

లేచి బట్టలకంటిన పల్లీ పొట్టు దులుపుకున్నాడు. "మీరిద్దరు ఒకసారి రాన్రి. ఆమె మాట రాసుకోన్రి. తాళం సంగతి అప్పుడు చూద్దాం."

బాసుల గురించి నాకు మంచి అభిప్రాయం లేదు. నేను చూసిన వాళ్లలో చాలామంది తమ ఊరి రంగు లోకమంతా పూయమనే రకం. కాదనే ధైర్యం మీకు లేకపోతే ఈ పనిలోకి రాకండి. నాకు లేదు. నేను సార్ వెనక నిలబడి నెగ్గుకొచ్చాను.

ఆమె మాట

పట్నంలో ఆయన బంగళాకు పోయాం. అక్కడ తివాచీలు ఎంత మెత్తగా ఉన్నాయంటే, నేను మోకాలిదాకా దిగబడ్డాను. లోపలి గదిలో ఆయన తల్లి కింద కూర్చొని చింతపండులో గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి కొంగు సర్దుకుంది. నరహరి సార్ ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చొని, పొద్దు పోతే ఏమంటారని మెల్లగా అడిగాడు. ఆమె నవ్వి, కొడుకు వైపు చూసి, తల దించుకొని గింజలు తీయసాగింది. నేను నా అబద్ధాల మూటలోంచి నాణ్యమైనవి రెండు తీసి చూపించాను. వాటికీ నవ్వింది గానీ పెదవి విప్పలేదు. సార్ నా వైపు చూశాడు. తాళం పడిందనే అనుకున్నాం.

గుమ్మంలో నిలబడ్డ కొడుకు గొంతు సవరించుకున్నాడు.

"ఇగ లేవున్రి సార్. మా అవ్వకు గా మాటలన్ని మరుపొచ్చినయి."

అది అబద్ధమని అన్నాడో, నిజంగానే అనుకున్నాడో, ఇప్పటికీ నాకు తెలియదు. ఇంత నేర్చిన నాకే తెలియదు.

చింతపండు పళ్లెం పక్కకు జరిగింది. ఆమె తలెత్తి కొడుకును చూసింది.

"మరిచింది నేనార, నువ్వా?"

"పొద్దు గూట్లె వడ్డది అంటరు" అంది ఆమె మా వైపు తిరిగి. "మీ నాయినోళ్లు మీకింది అంటరు. నేనెన్నడన్న అన్ననా? మా అవ్వగారింట్ల గూట్లె వడ్డది అనే అంటరు. నిన్ను సంకనేసుకొని ఎన్నిసార్లు చెప్పిన, పొద్దు గూట్లె వడ్డది, పండుకో కొడుకా అని."

గూకింది కాదు, మీకింది కాదు. నీలం ఊరి నడుమ, నీలం ఇంట్లో, ఇన్నేళ్లూ వేరే రంగు ఒకటి ఉందన్నమాట. పెళ్లయి వచ్చిన ఆడవాళ్లు చీర కొంగున ఏ ఊరి మాట ముడేసుకొచ్చారో మేం ఒక్కరినీ అడగలేదు. మా గీతలన్నీ తప్పాయి. నరహరి సార్ మొహం మాత్రం వెలిగిపోతోంది. తన పటం పాడైనందుకు అంత సంతోషించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

శేర్వాణీ సార్ జేబులోంచి తాళం చెవి తీసి నరహరి సార్ చేతిలో పెట్టాడు. తర్వాత గుమ్మం దిగి వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చొని చింతపండు పళ్లెం తన ముందుకు లాక్కున్నాడు. ఆయనకు గింజలు తీయడం చేతకాలేదు. ఆమె ఆ చేతి మీద చిన్నగా ఒకటి వేసింది.

"గీ ఒక్క మాటకు ఇద్దరు మగోళ్లు సిద్దిపేట నుంచి బస్సెక్కి వచ్చిన్రా?" అంది మమ్మల్ని చూసి.

సార్ నమస్కారం పెట్టి లేవబోయాడు.

"ఏడికి? కూసోన్రి" అంది ఆమె. "తెల్లారుడును ఏమంటమో అడగరా?"